ఎదురు వణుకు

రాఘవులు సారు ఓదేలు చూపుడువేలు కొరికి నేల మీద ఉమ్మేసిన రోజు వరకూ ఆ గదిలో ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. ముట్టుకోకూడదని నియమం పెట్టింది ఆ లాబ్‌లో పరీక్షలు చేసే నీరజే. పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గోడకు అంటించింది కూడా. పరీక్షకు వచ్చి కూర్చున్నవాళ్ళ భుజం తట్టకూడదు, చెయ్యి పట్టుకోకూడదు, వాళ్ళ చేతిలో ఉన్న ఫోను తీసుకోకూడదు. వచ్చినవాళ్ళు ఎలుకలు కాదు, మనుషులు, వాళ్ళ ఒంటికి ఒక మర్యాద ఉంటుందని ఆమె నమ్మకం. మంచి నమ్మకమే. ఆ మంచి నమ్మకమే కొంప ముంచింది.

రాఘవులు సారు బళ్ళో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పరీక్షకు వచ్చినప్పుడల్లా జేబునిండా పిప్పరమెంట్లు వేసుకొచ్చి గేటు దగ్గర వాచ్‌మన్ మొదలు నీరజ దాకా అందరికీ పంచేవాడు. ఆ మధ్యాహ్నం కూడా పంచాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, ఫోనులో గిరగిర యాప్ తెరిచి, బొటనవేలితో వీడియోలు పైకి తోసుకుంటూ ఉండిపోయాడు. అద్దానికి ఇవతల నీరజ ఆయన వేలి కదలికలను తెర మీద చూసుకుంటోంది.

అప్పుడే సారు కూతురు ఏడుస్తూ వచ్చింది. వాళ్ళమ్మ బాత్రూంలో జారిపడిందట, ఆస్పత్రిలో వేశారట. ఆఫీసులో అటెండరు ఓదేలు ఆ మాట విని ఊరుకోలేకపోయాడు. పరీక్ష ముగిసేదాకా ఆగడం అతని వల్ల కాలేదు. తిన్నగా గదిలోకి వెళ్ళాడు.

"సారూ, లేవుండ్రి. మీ బిడ్డొచ్చింది. అమ్మ కిందవడ్డదంట."

సారు వినలేదు. ఓదేలు ఇంకోసారి పిలిచాడు. ఆ తర్వాత ఇంట్లో పిల్లల చేతిలోంచి తీసుకున్నట్టు ఫోను అందుకుని లాగాడు.

నీరజ అరవబోయింది, నియమం తప్పుతున్నాడని. ఆ అరుపు నోట్లోనే ఉండిపోయింది. సారు కుర్చీలోంచి లేచిన తీరు ముసలివాడు లేచినట్టు లేదు. ఓదేలు జుట్టు పట్టుకుని తలను బల్ల అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఓదేలు ఫోను లేని చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి నోటికి అందుకున్నాడు. ఎముక చిట్లిన చప్పుడు అద్దం ఇవతలికి వినిపించింది. వాచ్‌మన్లు పరుగెత్తుకొచ్చి సారు నడుము పట్టుకుని వెనక్కి గుంజారు. ఆయన వాళ్ళ వంక చూడనైనా లేదు, వాళ్ళను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆయనకు కావలసింది ఓదేలు ఒక్కడే. పట్టుకున్నవాళ్ళను ఈడ్చుకుంటూనే నేల మీద పాకుతున్న ఓదేలు వెంట పడి, కాలు దొరకబుచ్చుకుని, మోకాలి మీద గుద్దులు గుద్దాడు.

ఓదేలు ఇంకా ఫోను వదల్లేదు, పాపం. భయానికి వేళ్ళు బిగుసుకుపోయాయి. చివరికి అది నెత్తుటికి జారి సారు ఒడిలో పడింది. సారు చూసుకున్నాడు. తీసుకున్నాడు. నెత్తుటి బొటనవేలితో తెరను పైకి తోశాడు. అంతే, గది నిశ్శబ్దమైపోయింది. ఏదో పిల్లి వీడియోలోని పాట ఒక్కటే వినిపిస్తోంది.

నీరజ మీట నొక్కింది. పరీక్ష ముగించడానికి వాళ్ళు రోజూ వాడేది ఆ మీటే. ఫోను తెర నెమ్మదిగా మసకబారి, మబ్బు పట్టినట్టయి, ఆరిపోతుంది. లాబ్‌లో దాన్ని మసక అంటారు. మసక దిగాక సారు కళ్ళు నులుముకున్నాడు. అలసిపోయినట్టు ఊపిరి వదిలాడు. నాలుకతో పెదవులు తడుముకుని చుట్టూ చూశాడు.

"నోరంత ఉప్పగున్నదేంది బిడ్డా? అయ్యో, ఓదేలుకు ఏమైంది? ఎవలు గొట్టిన్రు?"



ఓదేలును ఆస్పత్రికి, సారును పక్కగదికి పంపి, నీరజ తెర ముందు కూలబడింది. చూడనక్కర్లేదు, ఆమెకు అప్పటికే అర్థమైంది. అయినా చూసింది. చదువుకున్నవాళ్ళకు అదొక జబ్బు, కళ్ళెదుట మనిషి పడిపోయినా గీతల్లో చూస్తే గాని నమ్మరు.

సంగతి చిన్నదే. మనిషి ఫోను ఎంతసేపు చూసినా ఎక్కడో ఒకచోట చాలు అనిపిస్తుంది. ఆ చాలు అనేది తలకు తెలియకముందే చేతికి తెలుస్తుంది, బొటనవేలి మొదట్లో సన్నని వణుకుగా. ఆ వణుకు వచ్చాక ఎవరైనా ఫోను పక్కన పెట్టేస్తారు. దాన్ని మొట్టమొదట పట్టుకున్నది నీరజ. ఎందరివో వేళ్ళు కొలిచి కొలిచి పట్టుకుంది. ఆమెను పనిలోకి తీసుకున్న గిరగిర కంపెనీ వాళ్ళు సంబరపడ్డారు. అయితే ఆ వణుకు రాకుండా చేయండి అన్నారు. నీరజ చేసింది. వేలు ఎటు వణికితే ఫోను దానికి సరిగ్గా ఎదురు వణుకుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషికి చాలు అనిపించదు. ఇక చూస్తూనే ఉంటాడు.

కొట్టేసుకుంటాయనే ఆమె అనుకుంది. ఇప్పుడు తెర మీద రాఘవులు సారు గీత చూస్తే తెలిసింది, అవి ఎక్కడికీ పోలేదు. అణిగి అణిగి లోపలే పేరుకున్నాయి. తెర తనంతట తాను ఆరిపోతే ఆ పేరుకున్నదంతా అలసటగా దిగిపోతుంది. ఇంకో మనిషి చెయ్యి వచ్చి ఫోను తీసుకుంటే మాత్రం అదంతా ఒక్కసారిగా ఆ చేతి మీదికే తిరుగుతుంది. ఓదేలు వేళ్ళు తగిలిన క్షణాన గీత తెర అంచు దాటి పైకి పోయింది. ఇన్నాళ్ళుగా ఈ గదిలో అది ఎందుకు కనపడలేదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇక్కడ ఎవరూ ఎవరి చేతిలోంచీ ఏదీ తీసుకోలేదు. ఎదురుగా గోడ మీద ఆ నియమం నిక్షేపంగా వేలాడుతోంది.

మరి ఇళ్ళల్లో? ఇళ్ళల్లో మసక ఎవరు వేస్తారు? అన్నం చల్లారిపోతోందని తల్లి లాక్కుంటుంది. నాకోసారి ఇవ్వవా అని చెల్లెలు గుంజుకుంటుంది. ఇటు చూడు, నీతోనే మాట్లాడుతున్నా అని పెళ్ళాం అందుకుంటుంది. మన ఇళ్ళల్లో ప్రేమకూ చెయ్యే, కోపానికీ చెయ్యే.

గిరగిర కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కొత్త మార్పు చేసినా అది మొదట ఆఫీసువాళ్ళ ఇంట్లోవాళ్ళ ఫోన్లలోకే వెళ్తుంది. దానికి 'ఇంటి రుచి' అని ముద్దుపేరు. వంటామె ఉప్పు చూసినట్టు, వడ్డించే ముందు మన ఇంట్లోనే రుచి చూద్దాం అని పైవాళ్ళు చెప్పుకునేవారు. ఎదురు వణుకు ఇంటి రుచికి వెళ్ళి చాలా రోజులైంది. ఎలా ఉంది అని అడిగితే అందరూ బ్రహ్మాండం అన్నారు. ఎవరూ ఉప్పెక్కువైందని అనలేదు.

ఎందుకంటారు? జీతాలు వేసే కవిత చేతికి కట్టు కట్టుకొచ్చింది, స్కూటీ మీంచి పడ్డానంది. టెస్టింగులో పనిచేసే అమ్మాయి నల్లద్దాలు తీయకుండానే పని చేసుకుంది, కళ్ళకలక అంది. ఇంకొకాయన మెడ మీద గోళ్ళ గీతలు, పిల్లి గీరిందట. కన్నకొడుకు కొట్టాడని, కట్టుకున్నవాడు చెయ్యి విరిచాడని ఆఫీసులో ఎవరు చెప్పుకుంటారు? పరువు గల ఇళ్ళు కదా! నీరజ ఆ కట్టునూ చూసింది, ఆ అద్దాలనూ చూసింది. అడగలేదు. అడిగితే బావుండదని ఊరుకుంది. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకొచ్చాయి.

అంతలో ఇల్లు గుర్తొచ్చింది.

ఆమె భర్త సుదర్శన్ బళ్ళో ఆటల మాస్టారు. ఒకప్పుడు కబడ్డీ ఆడి కప్పులు గెలిచిన మనిషి. నిలబడితే గుమ్మం నిండిపోతుంది. ఆ ఒంటికీ ఆ మనసుకూ పొంతన ఉండదు, ఆరేళ్ళ కూతురు వైదేహి జడలు తనే వేస్తాడు, బల్లి కనపడితే చీపురుతో నెమ్మదిగా బయటికి సాగనంపుతాడు. వేసవి సెలవులకు పిల్లలకు ఆట నేర్పే క్యాంపులో ఉండి నిన్న సాయంత్రమే ఇంటికొచ్చాడు. అక్కడ ఫోన్లు ఉండనివ్వరు. ఇంటి రుచి కింద అతని నంబరు నీరజే ఎప్పుడో ఇచ్చి ఉంచింది. నిన్న ఫోను తెరవగానే కొత్త గిరగిర అందులోకి దిగి ఉంటుంది.

పొద్దున ఆమె బయలుదేరేటప్పుడు అతను ఛార్జర్ తీగ పక్కనే గోడకానుకుని కూర్చుని చూస్తున్నాడు. ఇచ్చిన చాయ్ మీగడ కట్టింది. "పోయొస్త" అంటే వినలేదు. వైదేహి అతని భుజానికి ఆనుకుని బొమ్మకు స్నానం చేయిస్తోంది. అది చూసి నీరజ నొచ్చుకోలేదు. సిగ్గుతో చెప్పాలిగాని, మురిసిపోయింది. నేను చేసింది ఎంత బాగా పనిచేస్తోందో అనుకుంటూ చెప్పులు వేసుకుంది.

ఆమె చెయ్యి ఫోను మీదికి వెళ్ళి ఆగిపోయింది. సుదర్శన్‌కు చేస్తే? మోగగానే వైదేహి ఊరుకోదు, అమ్మ అమ్మ అంటూ తండ్రి చేతిలోంచి ఫోను తీసుకుంటుంది. ఎప్పుడూ చేసే పనే అది. నీరజ ఆ నంబరు వదిలేసింది. పక్కింటి పుష్పకు చేసింది.

పుష్ప భర్త ఐలయ్య ఆ వీధి చివర పిండి గిర్ని నడుపుతాడు. వాళ్ళకు పిల్లలు లేరు. పుష్పకు సుదర్శన్ అంటే తమ్ముడి కింద లెక్క, ఏటా రాఖీ కడుతుంది. పుష్పను పెద్దమ్మ అని పిలిచే వైదేహి సగం అన్నం వాళ్ళింట్లోనే తింటుంది.

"అక్కా, ఒక పని చెయ్యవా. మా ఇంటికి పోయి వైదేహిని మీ ఇంటికి తీస్కపో. ఇప్పుడే."

"ఏమైంది చెల్లే, గొంతు అట్లున్నది?"

"ఏం గాలే. ఆయన ఫోను చూసుకుంటున్నడు గదా, ఆయనను మాత్రం పల్కరియ్యకు, ముట్టుకోకు. పిల్లను మెల్లగ బయటికి పిలువు, చాలు."

"ఎందుకే? కొట్లాడుకున్నరా?"

ఇక్కడ ఆగాలి. ఇక్కడ నీరజ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ ఫోను లాక్కుంటే మనిషి చంపేస్తాడక్కా, అది నేనే తయారుచేశాను అని. నోటి దాకా వచ్చింది. ఆఫీసు సంగతులు బయట చెప్పనని ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. అంతకన్నా సిగ్గు అడ్డం వచ్చింది.

"ఊకెనే అక్కా. తర్వాత చెప్త. నువ్వు ఫోను పెట్టకు, అట్లనే మాట్లాడుకుంట పో."

పుష్ప నవ్వింది. మొగుడి మీద అలిగిన చెల్లెలి గొంతు తనకు తెలియదా అన్న నవ్వు. చెప్పుల చప్పుడు, గేటు కిర్రుమనడం, లోపల గిరగిరలోంచి వచ్చే పాట నీరజకు వినిపించాయి.

"వైదమ్మా, దా బిడ్డా, మనింటికి పోదాం." అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత పుష్ప గొంతు మారింది, అక్క అధికారం వచ్చింది. "ఏంది తమ్మీ, నిన్ననే గద ఇంటికొచ్చింది, పెండ్లాం ఆడ పరేషాన్ అయితుంటే నీకు ఇదేనా? ఇటియ్ ముందుగాల."

"అక్కా వద్దు! వద్దక్కా!" నీరజ అరిచిన అరుపుకు లాబ్ అంతా లేచి నిలబడింది. అరుపు అవతలికి చేరేలోపే పుష్ప ఫోను కింద పడింది.

అది పగల్లేదు. పగిలినా బావుండేది. నీరజ అంతా విన్నది. బరువైనదేదో గోడకు కొట్టుకుంది. "తమ్మీ, నేనురా... నేను..." అని పుష్ప గొంతు, ఆ తర్వాత మాటలు కాని చప్పుడు. గిన్నెలు దొర్లాయి. తల నేలకు తగిలే చప్పుడు మళ్ళీ మళ్ళీ, రుబ్బురోలు దగ్గర కొబ్బరికాయ కొడుతున్నట్టు. సుదర్శన్ గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు. కబడ్డీలో కూత ఆపని మనిషి ఊపిరి మాత్రమే వినపడింది. ఆ మధ్యలో వైదేహి ఒక్క కేక పెట్టింది. తర్వాత కొట్టడం ఆగింది. కాసేపటికి గిరగిర పాట మళ్ళీ మొదలైంది.

ఫోను దొరికింది అతనికి అనుకుంది నీరజ. మళ్ళీ చూస్తున్నాడు. ఇప్పుడు ఆ గదిలో ఉన్నది అతను, తన కూతురు.

"నాన్నా." దూరంగా సన్నని గొంతు. "నాన్నా, పెద్దమ్మ లేస్తలేదు."

"వైదూ! బయటికి ఉరుకు! నాన్నను ముట్టుకోకు!" నీరజ గొంతు చించుకుంది. కింద పడిన ఫోనులోంచి ఆ గొంతు పిల్ల చెవిదాకా వెళ్ళలేదు. పిల్ల ఇంకో రెండుసార్లు నాన్నా అంది. పలకకపోతే వైదేహి ఏం చేస్తుందో తల్లికి తెలుసు. చెయ్యి పట్టి గుంజుతుంది.

మసక ఒక్కటే దారి. లాబ్‌లో బల్లకు మీట ఉంటుంది గాని, బయట ఫోన్లకు మసక వెయ్యాలంటే అందరికీ కలిపే వెయ్యాలి. దానికి చక్రపాణి గది గోడకున్న అద్దం మీద రెండు బొటనవేళ్ళు ఆనించాలి, నీరజది ఒకటి, చక్రపాణిది ఒకటి. నీరజ ఫోను చెవికి పట్టుకునే అతని గదిలోకి దూసుకెళ్ళింది.

చక్రపాణి గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ గిరగిరను నిలబెట్టిన పెద్దమనిషి. కేక వెయ్యడు, ఎవరినీ నువ్వు అనడు. జేబులో పెట్టుకు తిరిగేది మాత్రం బటన్ల ఫోను. ఊరందరికీ గిరగిర తినిపించే మనిషి తను దాన్ని నోట పెట్టడు. అడిగితే, కళ్ళకు పడదండీ అని నవ్వేసేవాడు.

"మసక వెయ్యాలి సార్. ఇప్పుడే. మా ఆయన మనిషిని చంపిండు. మా పాప లోపలున్నది."

అతను లేచి నిలబడ్డాడు. ముఖంలో నిజంగానే బాధ కనపడింది. "అయ్యో. పోలీసులకు నేను చేస్తాను. మీరు కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"పోలీసులు పోయి ఫోను గుంజుకుంటరు సార్! మీ వేలు ఇయ్యిండ్రి."

"నీరజ గారూ, ఇది ఇంటి రుచి ఒక్కటే అయితే ఇప్పుడే వేసేవాణ్ణి. రెండు జిల్లాలకు ఇచ్చేశాం కదా. ఇంట్లోవాళ్ళు ఒక్కరు కూడా బాలేదనలేదు, అందుకే ఇచ్చాం. అందరికీ ఒక్కసారి ఆరిపోతే సాయంత్రం చూడ్డానికి వచ్చే కంపెనీ పెద్దవాళ్ళకు ఏం చెప్పమంటారు? మీ ఇంట్లో జరిగింది చాలా విచారించాల్సిన విషయం. కానీ మొగుడూ పెళ్ళాల మధ్య, ఇరుగూపొరుగూ మధ్య గొడవలు మనం రాకముందు లేవా అండీ?"

రెండు జిల్లాలు. నీరజకు అది కూడా ఎవరూ చెప్పలేదు. ఆమె చెవిలో వైదేహి ఏడుస్తోంది. "నాన్నా, లే నాన్నా. నాకు భయమైతుంది."

గుమ్మం పక్కన ఎర్రటి నిప్పార్పే సిలిండర్ వేలాడుతోంది. నీరజ దాన్ని ఎప్పుడు తీసిందో ఆమెకు గుర్తులేదు. మొదటి దెబ్బ చక్రపాణి మోచేతి మీద పడింది. అతను ఆశ్చర్యంగా చూశాడు, బాధ ఇంకా తెలియనట్టు. రెండోది చెవి మీద. బల్ల మీది కాగితాలతో సహా కిందపడి, పాకబోయాడు. నీరజ వీపు మీద మోకాలు పెట్టి మూడోది కొట్టింది. అవసరం లేకపోయినా కొట్టింది. అందులో ఒక సుఖం ఉందని ఆమెకు తెలిసింది, తెలిసి కూడా ఆగలేదు. ఆమె చేతిలో గిరగిర లేదు, ఏ ఎదురు వణుకూ లేదు. అది ఆమె సొంత కోపమే.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చొక్కా కాలరు పట్టుకుని అతన్ని గోడ దాకా ఈడ్చింది. చెయ్యి పైకెత్తి వేలు అద్దానికి అదిమింది. నెత్తురు వల్ల అద్దం వేలిముద్ర తీసుకోలేదు. చీర కొంగుతో ఆ వేలు తుడిచింది, పసిపిల్ల మూతి తుడిచినంత జాగ్రత్తగా. మళ్ళీ అదిమింది. పక్కనే తన వేలు పెట్టింది.

ఫోనులో గిరగిర పాట సన్నగిల్లింది. ఇంకా సన్నగిల్లింది. ఆగిపోయింది.

నీరజ చెవొగ్గి విన్నది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సుదర్శన్ గొంతు, మధ్యాహ్నం కునుకు తీసి లేచినట్టు. "ఏమైంది బిడ్డా, ఎందుకు ఏడుస్తున్నవ్?" ఆ వెంటనే అదే గొంతు మారిపోయింది. "అక్కా? అక్కా! ఓ ఐలన్నా, జల్ది రా! అక్కకు ఏమో అయింది!"

తనను కొట్టబోయేవాళ్ళను తనే పిలుచుకున్నాడు.

గోడ పక్కన పడి ఉన్న చక్రపాణిని అక్కడే వదిలి బయటపడ్డ నీరజ ఆటోలో తమ వీధి మొదటికి చేరేసరికి జనం నిండిపోయి ఉన్నారు. దారిపొడుగునా ఇంకో రెండుచోట్ల కూడా అలాగే గుంపులు కనపడ్డాయి. ఒక ఇంటి ముందు అంబులెన్సు, ఒక డాబా మీద గుండెలు బాదుకుంటున్న ముసలామె. ఆమె ఆటో ఆపలేదు. అవన్నీ ఏమిటో ఆమెకు తెలుసు.

సుదర్శన్‌ను కరెంటు స్తంభానికి కట్టేశారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, పళ్ళు ఊడాయి, చొక్కా పీలికలైంది. అంత ఒళ్ళున్న మనిషి ఒక్కరి మీద చెయ్యి ఎత్తలేదని తర్వాత అందరూ చెప్పారు. వాళ్ళు కొడుతుంటే ఎందుకు కొడుతున్నారని అడిగాడట, అంతే. ఐలయ్య ఒళ్ళంతా గిర్ని పిండితో, ఇనప రాడ్డు పట్టుకుని, చాప కప్పిన పుష్ప పక్కన కూర్చున్నాడు. ఏడవడం లేదు.

నీరజను చూడగానే సుదర్శన్ ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆమె భరించలేకపోయింది.

"నీరూ, వచ్చినవా. నేను అక్కను చంపిన్నంట. నా చేతులకు నెత్తురున్నది, నాకు ఎరుక లేదు. రాఖీ కట్టిన అక్కను నేనెట్ల చంపుత? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే వీళ్ళు వింటరు. చెప్పవా?"

జనం ఆమె వైపు తిరిగారు. ఆమెకు పారిపోవాలనిపించింది. అవును, నా మొగుడికి పిచ్చెక్కింది అంటే అందరూ నమ్ముతారు. కంపెనీ కూడా సాయంత్రానికల్లా అదే అంటుంది. నీరజ స్తంభం దగ్గరకు వెళ్ళి అతని చెంప తాకింది.

"నీ చేతులే సుదర్శన్. నువ్వే చంపినవ్." అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె ఆగకుండా చెప్పింది, ఆగితే ఇక చెప్పలేదని. "కానీ నువ్వు చేసింది కాదు. ఆ ఫోన్ల ఉన్నది నేను తయారుచేసిన. అది చూసేటోళ్ళ చేతుల నుంచి ఎవరన్న గుంజుకుంటే మనిషి మనిషి గాడు. నీ ఒక్కనికే గాదు, ఊరందరికీ పోయింది. ఐలన్నా, అక్కను నేనే పంపిన. ముట్టుకోకు అని చెప్పిన గాని ఎందుకో చెప్పలే. నాకు సిగ్గయింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే అక్క బతికేది."

ఐలయ్య లేచాడు. నెమ్మదిగానే లేచాడు. రాడ్డు ఆమె భుజం మీద పడ్డప్పుడు ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది. ఆమె మోకాళ్ళ మీద కూలింది. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇంకోటి వీపు మీద పడింది. సుదర్శన్ తాళ్ళు తెంచుకోవాలని స్తంభం ఊగేలా గింజుకుంటూ అరిచాడు. "అన్నా వద్దు! నన్ను కొట్టు అన్నా, నన్ను చంపు!" జనంలో కొందరు ఐలయ్యను పట్టుకున్నారు, కొందరు పట్టుకున్నవాళ్ళను తోసేశారు. అరుపులు, తోపులాట, ఎవరిదో చెప్పు గాలిలో ఎగిరింది.

ఆ గోలకు ఇంట్లోంచి వైదేహి బయటికొచ్చింది. ఎవరెంత పిలిచినా మంచం కిందినుంచి రాని పిల్ల ఇప్పుడు తనంతట తనే వచ్చింది. గౌను అంచుకు నెత్తురు ఎండిపోయి ఉంది. పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరుకుంటూ, తల్లి వైపు ఒకసారి చూసి, తిన్నగా తండ్రి దగ్గరకు వెళ్ళింది. రెండు చేతులతో ఏదో గుండెకు హత్తుకుని ఉంది. గుంపు తెలియకుండానే దారిచ్చింది.

సుదర్శన్ కట్లు బిగిసిన చేతి వేళ్ళను పిల్ల వైపు చాచాడు. "రా బిడ్డా. రా నాన్న దగ్గరికి."

వైదేహి అతని చేతికందేంత దగ్గరకు వెళ్ళలేదు. ఒక అడుగు దూరంలో నిలబడి, చేతులు చాపి, తను తెచ్చింది ముందుకు పెట్టింది. ఆరిపోయిన అతని ఫోను.

"ఇగో నాన్నా. తీస్కో." పిల్ల గొంతు వణుకుతోంది గాని మాట స్పష్టంగానే ఉంది. "ఇందాక పెద్దమ్మను కొడుతుంటే నేను ఇస్తే ఊకున్నవ్ గదా. మళ్ళ ఇస్తున్న. అమ్మను కొట్టొద్దని చెప్పు. నన్ను గూడ కొట్టకు."

 ఐలయ్య చేతిలో రాడ్డు దిగింది. నీరజ నేల మీద నుంచి లేవాలని చూసింది, భుజం లేవనివ్వలేదు. ఇందాక ఫోనులో విన్న ఆ కొట్టడం ఎలా ఆగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. అతనికి ఫోను తనంతట తాను దొరకలేదు. ఆరేళ్ళ పిల్ల నెత్తుట్లోంచి దాన్ని వెతికి తీసి ఆ చేతుల్లో పెట్టింది.

సుదర్శన్ వేళ్ళు ముడుచుకున్నాడు. తల అడ్డంగా ఊపుతూ, పిడికిళ్ళు రెండూ బిగించి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. వైదేహికి అది అర్థం కాలేదు. తీసుకోవడం లేదని ఇంకా భయపడింది. ఒక అడుగు ముందుకు వేసి, అతని పిడికిలి విప్పడానికి ఒక్కో వేలూ పట్టి లాగసాగింది.